ఆరు వారాల మానవ హక్కుల కోర్సు: మా అమ్మాయి ఫోన్ తీసి చూసే అలవాటు మానిపించింది, ఫిర్యాదు రాయడం మాత్రం నేర్పలేదు

ఈ కోర్సులో నేను చేరింది మా అమ్మాయితో గొడవ పడ్డాక. హక్కుల మీద ప్రేమ పుట్టి కాదు, వాదనలో గెలవడానికి. పదహారేళ్ల పిల్ల "నా ఫోన్ చూసే హక్కు నీకు లేదు" అంది, నేను "నువ్వుంటున్నది నా ఇంట్లో" అన్నాను, అనేశాక ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది, ఎందుకంటే మా నాన్న నన్ను అన్నదీ సరిగ్గా అదే. సరే, హక్కు హక్కు అంటున్నాం కదా, అసలు అదేంటో తెలుసుకొని వచ్చి మాట్లాడదాం అని వెతికితే, రోజువారీ జీవితానికి పనికొచ్చే మానవ హక్కుల బేసిక్స్ అంటూ ఒక ఆన్‌లైన్ కోర్సు కనిపించింది. ఆరు వారాలు. వారానికి నాలుగైదు చిన్న వీడియోలు, వర్క్‌బుక్ పీడీఎఫ్, ఒక క్విజ్, వారాంతంలో ఒక లైవ్ సెషన్. పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి. ఇలాంటివి చాలా ఉన్నాయి, తీరు కాస్త అటూ ఇటూగా ఒకటే, కాబట్టి మీరు వేరే దాంట్లో చేరినా ఏం చూసుకోవాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

మొదటి వారం మొత్తం చరిత్ర. ఇక్కడే సగం మంది జారుకున్నారు, గ్రూపులో కనిపించే పేర్లు రెండో వారానికి బాగా తగ్గాయి. చరిత్ర బోరు కాదు, చెప్పిన తీరు బోరు. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది, అందులో 30 ఆర్టికల్స్ ఉన్నాయి, ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత స్లయిడ్ మీద "ప్రపంచ దేశాలన్నీ ఏకగ్రీవంగా" అని పడింది. అది తప్పు. అప్పటికి సభ్యదేశాలు 58, అనుకూలంగా ఓటేసినవి 48, వ్యతిరేకంగా ఎవరూ వేయలేదు, 8 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి, రెండు అసలు ఓటే వేయలేదు. తటస్థంగా ఉన్నవాటిలో సోవియట్ యూనియన్, దానితో నడిచే దేశాలు, సౌదీ అరేబియా, దక్షిణాఫ్రికా ఉన్నాయి. దక్షిణాఫ్రికా ఎందుకు చెయ్యెత్తలేదో చెప్పడానికి పెద్ద పాఠం అక్కర్లేదు, వర్ణవివక్షను అధికారిక విధానంగా చేసుకున్న పార్టీ అదే సంవత్సరం అక్కడ గెలిచింది. ఈ ఒక్క ముక్క చెప్పుంటే నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదన్నది నిజం, ఏకగ్రీవం అన్నది నిజం కాదు, ఈ రెంటికీ తేడా ఉంది. రాసి పంపాను, స్లయిడ్ మార్చారు, అది వాళ్ల మంచితనం.

అదే వారంలో నాకు బాగా నచ్చింది, ప్రకటన రాసేటప్పుడు మన దేశం తరఫున కూర్చున్న హంసా మెహతా గురించి చెప్పిన భాగం. మొదటి ఆర్టికల్ ఇంగ్లిష్ ముసాయిదాలో మనుషులందరూ అనడానికి మగవాళ్లు అనే అర్థం కూడా వచ్చే పదం పెట్టారట. ముసాయిదా కమిషన్‌కి అధ్యక్షురాలు ఎలినార్ రూజ్‌వెల్ట్, ఆవిడకి అందులో పెద్ద ఇబ్బందేమీ కనిపించలేదు. హంసా మెహతా మాత్రం ఒప్పుకోలేదు, ఆ పదాన్ని పట్టుకొని "మగవాళ్లంటే మగవాళ్లే" అని తీసుకునే దేశాలు ఉంటాయి అన్నారు. చివరికి మానవులు అనే అర్థం వచ్చే మాటే నిలిచింది. తెలుగులో ఈ గొడవ కనబడను కూడా కనబడదు, మనకి మనిషి అంటే ఆడా మగా ఇద్దరూ. ఆ ఒక్క విషయంలో మన భాష ముందే దారిలో పడి ఉంది.

అయితే తెలుగు అనువాదం సంగతి మాట్లాడుకోవాలి. ప్రకటనకి తెలుగు అనువాదం ఎప్పటినుంచో ఉంది, మొదటి ఆర్టికల్ ఇలా మొదలవుతుంది: "ప్రతిపత్తిస్వత్వముల విషయమున మానవులెల్లరును జన్మతః స్వతంత్రులును సమానులును నగుదురు." చదివి రెండు నిమిషాలు అలాగే ఉండిపోయాను. పుట్టుకతో అందరూ స్వేచ్ఛగా ఉన్నవాళ్లే, గౌరవంలోనూ హక్కుల్లోనూ అందరూ సమానమే, చెప్పింది ఇంతే. స్వత్వం అంటే హక్కు అని పక్కన రాసుకోవాల్సి వచ్చింది. అందరికీ చెందాల్సిన కాగితం అందరికీ అర్థమయ్యే తెలుగులో లేకపోతే ఎలా అని లైవ్ సెషన్‌లో ఒకరు అడిగారు, టీచర్‌గారు నవ్వి, కోర్సువాళ్లు మామూలు మాటల్లో రాసుకున్న 30 ఆర్టికల్స్ పీడీఎఫ్ లింక్ ఇచ్చారు. అది బాగుంది. కోర్సు మొత్తంలో దాచుకోదగ్గది ఏదన్నా ఉంటే అదే, నేను ప్రింట్ తీసి బీరువా తలుపు లోపలివైపు అంటించాను.

రెండో వారం నుంచి అసలు సరుకు మొదలవుతుంది. మనం హక్కుని దయతో కలిపేస్తాం అన్న పాయింటు దగ్గర నేను వీడియో ఆపి ఆలోచించాను. నిజమే కదా, రావాల్సిన జీతం వస్తే "పెద్ద మనసు చేసుకొని ఇచ్చారు" అంటాం, మన కాగితం మనకిచ్చిన గుమాస్తాకి నాలుగుసార్లు దండం పెడతాం. దయ అయితే ఇవ్వకపోయినా అడగలేం, హక్కయితే ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో వాళ్లు చెప్పుకోవాలి. మరి ఎవరు చెప్పుకోవాలి? ఇక్కడ చాలామందికి అనుమానాలొచ్చాయి. పక్కింటాయన రాత్రి పెద్ద సౌండు పెడితే అది మానవ హక్కుల ఉల్లంఘనా అని ఒకాయన అడిగాడు. టీచర్‌గారి జవాబు సూటిగా ఉంది: మానవ హక్కుల బాధ్యత ముందుగా ప్రభుత్వానిది, అది మూడు రకాలు. తను హక్కుని తొక్కకూడదు, ఇంకొకరు తొక్కుతుంటే ఆపాలి, అది నిజంగా అందేలా ఏర్పాట్లు చేయాలి. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లని బడిలో చేర్చుకోం అంటే మొదటిది తప్పినట్టు, ప్రైవేటు బడి అలా అంటుంటే చూస్తూ ఊరుకుంటే రెండోది, చేర్చుకున్నాక తరగతి మేడమీద పెట్టి ర్యాంపు కట్టకపోతే మూడోది. పక్కింటాయన సౌండు మామూలు చట్టం సంగతి, ఫిర్యాదు చేస్తే ఎవరూ పట్టించుకోకపోతే అప్పుడు మన మాట వేరే. ప్రతి చిరాకునీ మానవ హక్కుల ఉల్లంఘన అనేస్తే అసలైనది చెప్పినప్పుడు ఎవరూ వినరు అని కూడా అన్నారు. అడిగినాయన కాస్త నీరుగారిపోయాడు పాపం.

అన్ని హక్కులూ ఒకే రకం కాదు అన్నది కూడా నాకు కొత్తే. చిత్రహింస పెట్టకూడదు అన్నదానికి మినహాయింపే లేదు, యుద్ధమొచ్చినా సరే, ఎమర్జెన్సీ వచ్చినా సరే. మాట్లాడే స్వేచ్ఛలాంటివాటికి హద్దులు పెట్టొచ్చు, కానీ ఆ హద్దు చట్టంలో రాసి ఉండాలి, దానికో సరైన కారణం ఉండాలి, ఆ కారణానికి సరిపడేంతే ఉండాలి. దోమని చంపడానికి తలుపు పగలగొట్టకూడదు అన్నట్టు. "హక్కులు సరే, బాధ్యతల సంగతేంటి" అనే పాత ప్రశ్న కూడా వచ్చింది, రాకుండా ఉంటుందా. 29వ ఆర్టికల్‌లో సమాజం పట్ల బాధ్యతలు ఉంటాయని ఉంది. కానీ బాధ్యత సరిగ్గా చేసినవాడికే హక్కులు అని మాత్రం ఎక్కడా లేదు, నేరం చేసి జైల్లో ఉన్నవాణ్ని కూడా కొట్టకూడదు.

మూడో వారం నా వారం. 12వ ఆర్టికల్: ఎవరి ఏకాంతంలోకి, కుటుంబంలోకి, ఇంట్లోకి, ఉత్తరాల్లోకి ఇష్టమొచ్చినట్టు చొరబడకూడదు, పరువు మీద దాడి చేయకూడదు. టీచర్‌గారు ఒక చిన్న ఎక్సర్‌సైజ్ ఇచ్చారు. ప్రైవసీకి మీ ఇంట్లో వాడే మాట ఏంటో రాయండి అని. రాయడానికి కూర్చుంటే తెలిసింది, మా ఇంట్లో దానికి మాటే లేదు. గోప్యత అని పుస్తకాల్లో ఉంటుంది, ఎవరూ అనరు. మేం వాడేది దాపరికం. "మా మధ్య దాపరికాలు లేవు" అని గొప్పగా చెప్పుకుంటాం. దాపరికం అంటే అప్పటికే ఏదో తప్పు చేసినట్టు. అంటే మా అమ్మాయి ఫోన్‌కి లాక్ పెట్టుకున్న మరుక్షణమే మా భాష దాన్ని దోషిని చేసేసింది, నేను ఆ తర్వాత సాక్ష్యం వెతకడానికి వెళ్లాను.

మరి తల్లిదండ్రులకి ఏ అధికారమూ లేదా అంటే, ఉంది. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందంలో 16వ ఆర్టికల్ పిల్లల ప్రైవసీ గురించి, 5వది తల్లిదండ్రులు దారి చూపడం గురించి. ఆ దారి చూపడం పిల్లల ఎదుగుదలకి తగ్గట్టు ఉండాలి అని అందులోనే ఉంది. ఆరేళ్ల పిల్లకి చేసింది పదహారేళ్ల పిల్లకి చేయకూడదన్నమాట. ప్రమాదం అని గట్టి అనుమానం ఉంటే చెప్పి, ఎదురుగా కూర్చొని చూడటం ఒకటి, నిద్రపోతుంటే వేలిముద్ర పెట్టించి చూడటం ఇంకొకటి. నేను చేసింది రెండోది. ఇది ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ రివ్యూ అన్నాక కోర్సు ఏం చేసిందో చెప్పాలి కదా. వాదనలో గెలుద్దామని వెళ్లినవాణ్ని, తిరిగొచ్చి "అలా చేయడం తప్పే" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు, పాస్‌కోడ్ మార్చేసింది. సరే.

నాలుగో వారం డబ్బు, పని. లైవ్‌లో ఒకావిడ తన అన్నయ్య సంగతి చెప్పింది. అప్పు వాయిదా రెండు నెలలు కట్టలేకపోయాడు, రోజూ ఎవరో ఫోన్ చేసి "రేపు పొద్దున పోలీసులొస్తారు, లోపలేస్తారు" అంటున్నారు, మనిషి టెన్షన్‌తో అన్నం మానేశాడు. 1948 ప్రకటనలో ఈ సంగతి నేరుగా లేదు గానీ, దాని తర్వాత 1966లో ఆమోదించి 1976లో అమల్లోకి వచ్చిన పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో ఉంది, 11వ ఆర్టికల్. ఒప్పందం ప్రకారం కట్టాల్సింది కట్టలేకపోయాడు అన్న ఒక్క కారణంతో ఎవరినీ జైల్లో పెట్టకూడదు. 170కి పైగా దేశాలు ఆ ఒప్పందంలో ఉన్నాయి, ఎమర్జెన్సీలో కూడా పక్కన పెట్టకూడని కొద్ది హక్కుల్లో ఇదొకటి. మోసం చేయడం వేరు, కోర్టు ఆర్డర్‌ని లెక్కచేయకపోవడం వేరు, చేతిలో లేక కట్టలేకపోవడం వేరు అని టీచర్‌గారు ఓపిగ్గా విడదీసి చెప్పారు, మీ దేశం చట్టం కూడా చూసుకోండి అన్నారు. ఆవిడ వెంటనే మ్యూట్ చేసుకొని వెళ్లిపోయింది. పది నిమిషాల తర్వాత వచ్చి "అన్నయ్యకి చెప్పాను" అంది, అంతే. ఆ సెషన్ ఒక్కటి చాలు ఈ కోర్సుకి మార్కులు వేయడానికి.

ప్రకటన వేరు, ఒప్పందం వేరు అన్న తేడా కూడా ఇక్కడే స్పష్టమైంది. ప్రకటన దేశాలు అందరి ముందూ చెప్పిన మాట, ఒప్పందం సంతకం పెట్టి ఒప్పుకున్న బాధ్యత. 1966లో రెండు ఒప్పందాలు వచ్చాయి, ఒకటి పైన చెప్పింది, రెండోది ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులది. ఇది మొదటి వారంలోనే చెప్పాల్సింది, నాలుగో వారం దాకా మేమంతా ప్రకటననే చట్టం అనుకుంటూ క్విజ్‌లు రాశాం.

పని దగ్గరికొస్తే ప్రకటనలోని 23, 24 ఆర్టికల్స్. సమాన పనికి సమాన వేతనం, సంఘం పెట్టుకునే హక్కు, పని గంటలకి ఒక హద్దు, జీతంతో కూడిన సెలవులు. విశ్రాంతి కూడా మానవ హక్కే అని రాసి ఉందంటే నేను మొదట నవ్వాను. వర్క్‌బుక్‌లో ఒక పట్టిక ఇచ్చారు, వారం రోజుల పాటు ఆఫీసు మెసేజ్‌లు ఏ టైముకి వచ్చాయో రాయమని. రాశాను. తర్వాత పేజీలో ఇంకో పట్టిక, మీరు పంపినవి ఏ టైముకి పంపారో రాయండి. అక్కడ దొరికిపోయాను. నా కింద పనిచేసే కుర్రాడికి ఆదివారం మధ్యాహ్నం "రెండు నిమిషాల పనే" అని పంపినవి ఆ ఒక్క నెలలోనే తొమ్మిది. ఏదీ రెండు నిమిషాల పని కాదు. మన మీద పడ్డవి లెక్కపెట్టించి, వెంటనే మనం వేసినవి లెక్కపెట్టించడం, ఈ వర్క్‌బుక్ రాసినవాళ్లెవరో గానీ గడుసువాళ్లు.

ఐదో వారం ప్రకటనలోని 11వ ఆర్టికల్, అంటే నేరం రుజువయ్యే దాకా నిర్దోషి అన్నదాని మీద, ఇది తొందరగా అయిపోయింది. అది కోర్టులకి సంబంధించింది, నిజమే. కానీ మా బిల్డింగ్ గ్రూపులో ఒకసారి సీసీ కెమెరా ఫొటో పెట్టి "వీడే" అన్నారు, అరగంటలో నలభై మంది వీడే అన్నారు, తీరా చూస్తే పోయిన సైకిల్‌ని ఇంటాయన కొడుకే ఎక్కడో పెట్టి మర్చిపోయాడు. ఫొటోలోని మనిషికి ఎవరూ సారీ చెప్పలేదు, ఎలా చెప్తారు, అతనెవరో ఎవరికీ తెలియదు. ఇలాంటి ఉదాహరణ ఒకటన్నా కోర్సులో ఉంటుందనుకున్నాను, లేదు, అంతా కోర్టు బొమ్మలే.

ఇక తిట్లు. క్విజ్‌లు దండగ. ప్రకటనలో ఆస్తి హక్కు ఎన్నో ఆర్టికల్ అని అడుగుతారు. 17వది, అయితే ఏంటి? నంబరు గుర్తున్నవాడికి పది మార్కులు, పెళ్లికి ఇద్దరి మనస్ఫూర్తి ఒప్పుకోలు ఉండాలని తెలిసి అది 16వది అని తెలియనివాడికి సున్నా. ఒక సంఘటన ఇచ్చి ఇందులో ఎవరి హక్కు, ఎవరి బాధ్యత అని అడగొచ్చుగా.

రెండోది, వీడియోలకి క్యాప్షన్లు లేవు. మా బ్యాచ్‌లో వినికిడి సరిగా లేని ఒకాయన ఉన్నారు, మొదటి వారమే అడిగారు, "నోట్ చేసుకున్నాం" అన్నారు. మూడో వారం వీడియోలో వికలాంగుల హక్కుల ఒప్పందం 2006 గురించి, సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలి అన్నదాని గురించి పన్నెండు నిమిషాలు చక్కగా చెప్పారు. క్యాప్షన్లు లేకుండా. ఆయన గ్రూపులో ఒక చప్పట్ల బొమ్మ పెట్టారు, అంతకన్నా ఏమీ అనలేదు. చివరి రెండు వారాలవాటికి మాత్రం పెట్టారు.

అన్నిటికన్నా పెద్ద లోపం ఆరో వారం. హక్కు దెబ్బతింటే ఏం చేయాలి అన్నదానికి కోర్సు మొత్తంలో ఇచ్చింది ఇరవై నిమిషాల వీడియో ఒక్కటి. అసలు ప్రకటనలో 8వ ఆర్టికలే అది, హక్కు పోతే న్యాయస్థానాల దగ్గర సరైన పరిష్కారం దొరకాలి అని. వీడియోలో ఏముందంటే, ముందు మీ దేశంలోని దారులు, అంటే ఆ సంస్థ, కోర్టు, మానవ హక్కుల కమిషన్ లాంటివి ఉంటే అవి, అన్నీ అయిపోయాక, మీ దేశం దానికి ఒప్పుకొని ఉంటే, ఐక్యరాజ్యసమితి కమిటీలకి వ్యక్తిగతంగా ఫిర్యాదు పంపొచ్చు. సమాచారం కరెక్టే. కానీ ఫిర్యాదు ఎలా ఉంటుందో ఒక్క నమూనా కూడా చూపించలేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూశారు, ఏ కాగితం ఉంది, మీరు అడుగుతున్నది ఏంటి, ఇవి ఒక పేజీలో ఎలా పెట్టాలో చూపిస్తే చాలదా? జరిగిన రోజే తారీఖు వేసి రాసిపెట్టుకోండి, రసీదు లేకుండా కాగితం ఇవ్వకండి అన్న రెండు ముక్కలు కూడా టీచర్ చెప్పలేదు, గ్రూపులో ఒక రిటైరైన పెద్దాయన చెప్పారు. గుర్తుపట్టడం ఐదు వారాలు నేర్పి అడగడం ఇరవై నిమిషాల్లో తేల్చేస్తే, జబ్బు పేరు చెప్పి మందు చీటీ ఇవ్వకుండా పంపినట్టే ఉంటుంది.

ఎవరు చేరొచ్చు అంటే, పిల్లలున్నవాళ్లు, కింద నలుగురు పనిచేసేవాళ్లు తప్పకుండా. ఇప్పటికే ఏదో సమస్యలో ఉండి ఈ వారమే దారి కావాలన్నవాళ్లకి ఇది కాదు, లాయర్ దగ్గరికో ఉచిత న్యాయ సహాయం ఇచ్చేవాళ్ల దగ్గరికో వెళ్లండి, వీడియోలు తర్వాత చూసుకోవచ్చు. మొదటి వారం రెట్టింపు స్పీడులో పెట్టి చూసినా నష్టం లేదు, మూడు, నాలుగు మాత్రం వదలొద్దు. నా వరకు ఐదుకి మూడున్నర, క్యాప్షన్లు అన్నిటికీ పెడితే నాలుగు.

ఇంకొకటి మర్చిపోయాను, లైవ్ సెషన్లు ఆదివారం రాత్రి తొమ్మిదింటికి. 24వ ఆర్టికల్ చెప్పిన సెషన్ పదకొండుంపావు దాకా నడిచింది. తర్వాత రెండు నేను ఎగ్గొట్టి పడుకున్నాను, రికార్డింగ్ పెడతారు, ఏం ఇబ్బంది లేదు.